పటాల వెనక డబ్బా

తమ్ముడూ,

నేను పట్నం వెళ్తున్నాను, వచ్చేసరికి సాయంత్రమవుతుంది. కింది వరుస జామకాయలకు ఈ రోజే కాగితం సంచులు తొడగాలి. మీ వదిన సాయం వస్తుంది. పురుగు పట్టి రాలిన కాయలను చెట్టు కింద వదలకుండా ఏరి, గోతిలో పూడ్చెయ్యి. వదిలేస్తే వాటిలోంచే మళ్లీ కాయను కుట్టే ఈగలు పుడతాయి.

నువ్వు కొన్న పురుగుమందు డబ్బా దొరికింది. దేవుడి పటాల వెనక దాచావు. నువ్వు ఆ గదిలో అడుగు పెట్టవు కాబట్టి అక్కడ ఎవరూ వెతకరనుకున్నావా? నేను రోజూ దణ్ణం పెట్టుకునే చోటు కదరా అది.

వచ్చే నెల తనిఖీకి వచ్చే ఆయన ఆకులు కోసి పరీక్షకు పంపుతాడు. మందు ఆనవాలు దొరికిందా, మన మూడేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. మందు లేని తోట అని కాగితం ఇవ్వరు, మళ్లీ మొదటి ఏడాది నుంచి మొదలుపెట్టాలి. డబ్బా కొట్లో తిరిగి ఇచ్చేస్తాను. నువ్వు దాని సీలు తీయలేదు. అది చూశాకే నా కోపం దిగింది.

సగం కాయ పోయినా సరే, మందు మాత్రం కొట్టం.

అన్న

ఇంకో మాట. “నీ దేవుడు ఈ పురుగునెందుకు పుట్టించాడన్నయ్యా” అని నిన్న అడిగావు. పొద్దున నేనూ ఆయన్ని అదే అడిగాను. రేపు మళ్లీ అడుగుతాను, నువ్వూ వచ్చి పక్కన కూర్చో.