నలభై చెంచాల నీళ్ళు

కారా-తలా ఊరు, నారిన్ జిల్లా
2058 మే 17, శుక్రవారం

నా చిట్టితల్లి జిపార్‌కు, బంగారంలాంటి అల్లుడు మెదెర్‌కు, ఇంకా పేరైనా పెట్టని నా మనవరాలికి మీ నాన్న బెయ్‌షెనాలి గుండె నిండా దీవెనలు. ఇక్కడ గొర్రెలు క్షేమం, గుర్రాలు క్షేమం, నేను క్షేమం. అక్కడ మీ ముగ్గురూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ముగ్గురూ అని రాయడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది తల్లీ. ఇంకోసారి రాసుకుంటాను: మీ ముగ్గురూ.

ఈ ఉత్తరం తెచ్చిన మీ జుమాదిల్ మామయ్యకు ముందు టీ పొయ్యి. పాపను ఆయన ఒళ్ళో పెట్టు. బిష్కెక్ దాకా కుదుపుల బండిలో వచ్చాడు, నడుం పట్టేసి ఉంటుంది. ఆయన నీ పక్కన కూర్చున్నాకే చదవడం మొదలుపెట్టు. ఫోను ఉండగా కాగితం ఎందుకు నాన్నా అంటావు. నీకు తెలుసుగా, నాకు ఎనిమిదో తరగతి చదువు. మనసులో ఉన్నది కాగితం మీదైతేనే తిన్నగా వస్తుంది.

మంగళవారం పొద్దున ఏం జరిగిందో చెబుతాను, విను. తల్లి లేని గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతున్నాను. గోడ డాక్టరమ్మ గొంతు విప్పింది. గుల్‌బారా నర్సు గది మూసేసి అందులో ఎండుగడ్డి నింపాక మన ఊళ్ళో ఇంటింటి గోడకూ బిగించిన ఆ పలకే ఇప్పుడు మా డాక్టరూ, నర్సూ, మందుల కొట్టూ. గౌరవనీయులైన బెయ్‌షెనాలి గారూ, మీ కుమార్తెకు ఆడపిల్ల పుట్టింది, బరువు మూడు కిలోల రెండు వందల గ్రాములు, తల్లీబిడ్డా కులాసా అంది. వర్షం పడేలా ఉందని చెప్పినంత మామూలుగా అంది. సీసా నా చేతిలోంచి జారిపోయింది. గొర్రెపిల్ల నేలమీది పాలు నాకుతోంది, నేను దాని పక్కనే కూలబడి ఏడుస్తున్నాను.

తర్వాత గుర్తొచ్చింది, మంచి కబురు తెచ్చినవాళ్ళకు కానుక ఇవ్వాలి కదా. మీ తాత నా పుట్టుక కబురు తెచ్చినవాడికి జీను వేసిన గుర్రాన్ని ఇచ్చాడు. ఈ డాక్టరమ్మకు ఏమివ్వను? కల్పక్ టోపీ పెడదామంటే తల లేదు, మాంసం పెడదామంటే నోరు లేదు. పెట్టెలోంచి కొత్త తెల్ల రుమాలు తీసి దానికే కట్టాను. కంటికి అడ్డం వస్తోంది, దయచేసి తొలగించండి అంది. కొంచెం పక్కకు జరిపాను. మీ అమ్మ నవ్వీ నవ్వీ దగ్గుతెర ఆపుకోలేక, “ముసలాడా, వదిలేస్తే రేపు దానికి సంబంధం కూడా చూస్తావు నువ్వు” అంది.

ఊరంతా నేనే తిరిగి చెప్పాను. బోర్సోకులకు పిండి కలిపి నూనెలో వేయించిందీ నేనే, సగం మాడాయి, అయినా ఒక్కటీ మిగల్లేదు. సారిక్‌బాయ్ నీకు తెలుసుగా, నోరు ఊరుకోదు. ఆడపిల్లకే ఇంత గంతులేస్తే మగపిల్లాడైతే పైకప్పు ఎక్కేవాడివా అన్నాడు. నీ మనవళ్ళు ఆరుగురూ కలిసి ఒక గుర్రం ఎక్కలేరు, నా మనవరాలు నడక రాకముందే ఎక్కుతుంది చూడు అన్నాను. అందరూ నవ్వారు, వాడు నా బోర్సోకులు ఇంకో రెండు జేబులో వేసుకున్నాడు.

ఉయ్యాల తొట్టి అయిపోయింది. విల్లో కర్రతో చేశాను, కాళ్ళకు చిన్న పువ్వులు చెక్కాను. మీ అమ్మ మంచం మీంచే నా మీద పెత్తనం చేసింది. ఇక్కడ గరుకుగా ఉంది, అక్కడ ఇంకా నునుపు చెయ్యి, అది పిల్ల పడుకునేది, గుర్రానికి తొట్టి కాదు అని. నలభయ్యో రోజు పాప మీద నలభై చెంచాల నీళ్ళు పొయ్యాల్సింది అమ్మమ్మే కదా. దానికి జునిపర్ కర్ర చెంచా తనే ఎంచుకుంది. చెయ్యి వణక్కూడదని రోజూ ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పోస్తూ లెక్కపెడుతోంది. నేనూ పక్కన కూర్చుని లెక్కపెడతాను. బుధవారం పంతొమ్మిది దాకా వచ్చి చెంచా నా చేతిలో పెట్టింది. మిగతావి రేపు అంది.

ఇక నా సంగతి. మార్చిలో నీ ఫోనుకు కబురు వచ్చింది కదా, మీ నాన్న గుండె, ఒళ్ళు కనిపెట్టి చూసే చేతిపట్టీ ఎర్రబడింది, కడుపులో గడ్డ ఉంది, డెబ్బై ఐదు దాటినవాళ్ళకు కోత లేదు, నొప్పి మందూ ఇంటి విశ్రాంతీ మాత్రమే అని. నువ్వు ఆస్పత్రి మంచం మీద పడుకునే నా కోసం ఏడ్చావు. గర్భం నిలవదేమోనని ఐదో నెల నుంచీ నిన్ను కాలు కింద పెట్టనివ్వని రోజులవి. అప్పుడు నువ్వన్న మాట నేను మరిచిపోలేదు. “నాన్నా, అమ్మ పట్టీ పచ్చగా ఉంది. రోజూ పడుకునే ముందు ఫోనులో అమ్మ గుండె చూసుకుంటాను. అదొక్కటే నాకు ధైర్యం” అన్నావు.

నా కోసం ఇంక ఒక్క చుక్క కూడా కార్చకు. డెబ్బై తొమ్మిదేళ్ళు నాకు. నిన్న ముప్పై గొర్రెలకు బొచ్చు కత్తిరించాను. మొన్న గుర్రమెక్కి నది దాటాను, నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. ఆకలి బాగా వేస్తోంది. గోడ డాక్టరమ్మ మాత్రం పూటపూటకీ, బెయ్‌షెనాలి గారూ, దయచేసి పడుకోండి అంటుంది. నేను గొడ్డలి భుజాన వేసుకుని దాని ముందు నుంచే బయటికి పోతాను.

పాప నుదుటి మీద నా మారు ముద్దు పెట్టు. ముక్కు నాది కాకుండా చూడమని దేవుణ్ణి అడిగాను, విన్నాడో లేదో రాయి.

పట్టలేని సంతోషంతో,
మీ నాన్న
బెయ్‌షెనాలి

తా.క. ఇప్పుడు మామయ్య చెయ్యి పట్టుకో తల్లీ. నీ ఫోనులో మీ అమ్మ పేరు కింద పచ్చగా కొట్టుకుంటున్నది నా గుండె. నా పేరు కింద ఎర్రగా ఉన్నది మీ అమ్మ.

ఫిబ్రవరి ఆఖరున అమ్మ పట్టీ పసుపు రంగుకు తిరిగింది. పసుపైతే గోడకే తెలుస్తుంది, ఎర్రబడితే పిల్లల ఫోనుకు కబురు పోతుంది. పిండి కలిపేటప్పుడు తను, గుర్రానికి నాడాలు కొట్టేటప్పుడు నేను, పట్టీలు తీసి పొయ్యి పక్కన ఒకే మేకుకు తగిలిస్తాం. ఆ రోజు తన పట్టీ నా చేతికి పెట్టి, నాది తను కట్టుకుంది. వద్దన్నాను. “ఇది నా పిల్లకు నాకంటే ముందే చెప్పేస్తుంది. దానికి టీ పొయ్యడం రాదు, పక్కన కూర్చోడం రాదు, కాసేపు వేరే మాటలు చెప్పడం రాదు. ముసలి తండ్రి పోతాడంటే ఏడ్చి తట్టుకుంటుంది. నా సంగతి మాత్రం కడుపులో బిడ్డ ఉండగా వద్దు” అంది. నిజమే అనుకున్నాను. యంత్రాన్ని భలే మోసం చేశామని మనసులో నవ్వుకున్నాను కూడా. బిడ్డ పుట్టిన రోజే సరిచేద్దాం అనుకున్నాం.

మంగళవారం రుమాలు కట్టాక పట్టీలు మళ్ళీ మార్చుకుని దానికి అంతా చెప్పాను. నమ్మలేదు. పట్టీలు తారుమారయ్యాయి, వెంటనే ఎవరివి వాళ్ళు ధరించండి అంది. గడ్డ నా భార్యకు, తప్పు నాది అన్నాను. “బెయ్‌షెనాలి గారూ, జబ్బు మనిషికి ఇలాంటి ఆలోచనలు రావడం సహజం. నమోదు చేసుకున్నాను. విశ్రాంతి తీసుకోండి” అంది. అమ్మకు నొప్పి మందు ఆగకూడదని మళ్ళీ తారుమారుగానే కట్టుకున్నాం. అప్పుడు అడిగాను, ఇదే జబ్బు అరవై మూడేళ్ళ మనిషికి వస్తే ఏం చేస్తారని. రెండు రోజుల్లో ఎగిరే బండి వస్తుందట. బిష్కెక్‌లో కోస్తారట. మార్చిలోనైతే చాలామంది లేచి తిరుగుతారట. ఇప్పుడైతే చూస్తే గాని చెప్పలేమట.

పదకొండు వారాలు తల్లీ. నా వయసు తెచ్చి మీ అమ్మకు అంటగట్టాను.

రుమాలు విప్పేద్దామని చెయ్యెత్తాను. మంచి కబురుకు ఇచ్చింది వెనక్కి తీసుకోకూడదు. వదిలేశాను.

బుధవారం జిల్లా కేంద్రానికి వెళ్ళాను. అక్కడా గోడే. కన్నబిడ్డ నగరంలో మనుషులు కూర్చునే కార్యాలయానికి స్వయంగా వెళ్ళి, వేలిముద్ర వేసి, ఈ పట్టీ మా అమ్మది అని చెబితేనే మారుస్తారట. మాకు నువ్వొక్కదానివే. బాలింత గడప దాటకూడని నలభై రోజుల్లో ఏడో రోజుకే నిన్ను గడప దాటమంటున్నాను. నేను నీళ్ళు తోడగలను, గొర్రెను ఎత్తగలను, నది దాటగలను. ఈ ఒక్కటీ నా వల్ల కావడం లేదు. మెదెర్ నిన్ను మోసుకెళ్ళినా సరే, సోమవారం తలుపులు తీసేసరికి అక్కడ ఉండు.

అమ్మకు ఈ తాజాకలం సంగతి తెలియదు. దీవెనలు రాస్తున్నాననుకుంటోంది. చెంచాను మామయ్యతో పంపించెయ్యమంది, నలభయ్యో రోజుకు తను రాలేకపోతే మీ అత్తగారిని పొయ్యమనమంది. సరే అన్నాను, పంపలేదు. అది ఇక్కడే, పొయ్యి పక్కన ఆ మేకుకే ఉంది. ఈ పొద్దున మీ అమ్మ లెక్క పన్నెండు దగ్గర ఆగింది.