మూడో కెరటం దాకా

నవంబర్ 2, ఆదివారం

గ్రూపులో మళ్ళీ గొడవ. గ్రూపు పేరు "పాత కెరటాలు". నలభై మూడు మందిమి. అందరికీ నలభై దాటాయి, బుద్ధి మాత్రం పందొమ్మిది దగ్గరే ఆగింది. ఇవాళ్టి తగువు: 2003 జనవరిలో గోపాల్‌పూర్ బీచ్‌లో "మూడో కెరటం" బ్యాండ్ వాయించినప్పుడు ప్రేమ్ చేతిలో గిటార్ ఎరుపా, నలుపా. పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనాల దాకా కొట్టుకున్నారు.

నలుపు. భుజం పట్టీ తెగితే వల దారంతో ముడేశాడు. నేను రెండో వరసలో ఒళ్ళో టూ-ఇన్-వన్ టేప్‌రికార్డర్ పెట్టుకుని కూర్చున్నాను. కానీ గ్రూపులో ఏమీ రాయలేదు. నాకు తెలిసినవన్నీ చెప్పేస్తే ఇక నాకేం మిగులుతుంది?

మా బెస్తవాళ్ళ పిల్లల్లో గిటార్ పట్టిన మొదటివాడు ప్రేమ్. బ్యాండ్‌కి ఆ పేరూ వాడు పెట్టిందే. మావాళ్ళు తెప్ప దింపేటప్పుడు ఒడ్డున నిలబడి మూడు పెద్ద కెరటాలు పోనిస్తారు. మూడోది విరిగాక సముద్రం కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. అప్పుడు తోయాలి. "ఉప్పు చొక్కా" పాటలో అదే చేసేవాళ్ళు. మధ్యలో గిటార్, డ్రమ్స్, గొంతు అన్నీ ఒక్కసారి ఆగిపోయేవి. ఒడ్డున నిజం కెరటాలు మూడు విరిగేదాకా అంతా కదలకుండా నిలబడేవాళ్ళు. ఒకరోజు పది సెకన్లు, ఒకరోజు అరనిమిషం. సముద్రం ఇష్టం. బరంపురం కాలేజీ వాళ్ళు పాట అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టేవాళ్ళు. మేం వాళ్ళకేసి జాలిగా చూసేవాళ్ళం.

తర్వాత బ్యాండ్ వాళ్ళు భువనేశ్వర్ వెళ్ళారు, ముంబై వెళ్ళారు, ఇంగ్లీషు పేరు పెట్టుకున్నారు, ఒక ఆల్బమ్ చేశారు, విడిపోయారు. ఆల్బమ్‌లో ఆ పాట ఉంది. ఆగడం మాత్రం లేదు. స్టూడియో వాళ్ళు కత్తిరించేశారట. యూట్యూబ్‌లో దాని కింద కొత్త పిల్లలు హార్ట్‌లు పెడుతుంటారు. పెట్టుకోనీ.

నవంబర్ 4

ల్యాబ్‌లో రక్తం తీస్తూ "ఉప్పు చొక్కా" కూనిరాగం తీశాను. మధ్యలో ఆగాను. సూది గుచ్చించుకున్నాయన భయపడి, ఏటైనాది మేడమ్ అన్నాడు.

నవంబర్ 6, సాయంత్రం 5

తొందరపడ్డాను.

గ్రూపు అడ్మిన్ రాఘవేంద్ర పొద్దున్న మెసేజ్ పెట్టాడు. డిసెంబర్ 14న గోపాల్‌పూర్ ఒడ్డున అందరం కలుద్దాం, బ్యాండ్ ఎలాగూ రాదు, మనమే కూర్చుని పాత పాటలు విందాం అని. తర్వాత అడిగాడు: అసలు ఆ ఒడ్డు మీది పాట ఎవరి దగ్గరైనా ఉందా? ఇరవై నిమిషాలు ఎవరూ పలకలేదు. అంతమంది అంతసేపు నోరు మూసుకోవడం ఆ గ్రూపు చరిత్రలో లేదు.

"నా దగ్గర ఉండాలి" అని టైప్ చేసి పంపేశాను.

ఇప్పుడు నలభై రెండు దండాలు వచ్చాయి. నేను చెప్పింది సగం నిజం. మిగతా సగం ఇక్కడ రాస్తాను, ఎక్కడో ఒకచోట రాయాలి కదా.

ఆ రోజు నేను రికార్డు చేసిన క్యాసెట్లో ఏ సైడు మూడు పాటలు, బీ సైడు మొత్తం "ఉప్పు చొక్కా". ఫిబ్రవరిలో నాన్న గుజరాత్‌లో వెరావల్ వెళ్ళాడు, బోటు పనికి. మా వీధిలో చదువు రానివాళ్ళ ఉత్తరాలన్నీ క్యాసెట్లే. ఒక పక్క మాట్లాడి, అటు వెళ్ళేవాడి చేతికిచ్చి పంపితే, అక్కడి మనిషి విని, తిరగేసి, రెండో పక్క జవాబు మాట్లాడి పంపేవాడు. ఏప్రిల్లో అమ్మ నేను కాలేజీలో ఉండగా నా క్యాసెట్ తీసి, ఏ సైడు మీద తన ఉత్తరం మాట్లాడేసి, పంపేసింది. పైన నేను ఇంత పెద్ద అక్షరాలతో బ్యాండ్ పేరు రాశాను. అమ్మకి అక్షరాలు తెలియవు. అన్ని క్యాసెట్లూ నల్లగానే ఉంటాయి కదా అంది.

నేను వారం అన్నం సరిగ్గా తినలేదు. అమ్మని అన్న మాటలు రాయను.

జూన్‌లో వేట నిషేధానికి బోట్లు ఆగాక మసేను ఊరికొస్తూ ఆ క్యాసెట్ తెచ్చి ఇచ్చాడు. మసేనుదీ నాన్న పనిచేసే బోటే. నాన్న వలల పనికి అక్కడే ఉండిపోయాడు. అమ్మ చేతులు తుడుచుకుని వచ్చి, మీ నాన్న ఏటన్నాడో ఓపాలి ఎయ్యే అంది. జవాబంటే బీ సైడే. అంటే ఆ పాటా పోయింది. నా ఒళ్ళు మండిపోయింది. రీలు తెగిపోయిందన్నాను. అమ్మ, పోన్లే, పోన్‌లో మాటాడినాడు కదా అని వెళ్ళిపోయింది.

అక్టోబర్‌లో నాన్న ఎక్కిన బోటు తిరిగి రాలేదు.

ఆ తర్వాత రీలు తెగలేదని ఏ నోటితో చెప్పను? ఇరవై రెండేళ్ళయింది. నేను ఆ క్యాసెట్ వినలేదు. ఎవరినీ విననివ్వలేదు.

నవంబర్ 9, ఆదివారం

అమ్మ మార్కెట్‌కి వెళ్ళినప్పుడు ట్రంకు తీశాను. పాత సర్టిఫికెట్ల కింద ఉంది. డబ్బా మూత తెరిస్తే ఉప్పు గాలికి రీలు మీద తెల్లగా బూజు. వేలితో చక్రం తిప్పి చూశాను.

రీలు తెగిపోయి ఉంది. నిజంగానే.

నవంబర్ 10

నేనన్న మాట నిజం చేయడానికి దానికి ఇరవై రెండేళ్ళు పట్టింది.

నవంబర్ 16, ఆదివారం

బరంపురంలో హల్దియాపదర్ బస్టాండులో బస్సెక్కి భంజనగర్ వెళ్ళొచ్చాను. గ్రూపులో సుమిత్ ఉన్నాడు కదా, ఒడియా అబ్బాయి, పాత రేడియోలూ టేప్‌రికార్డర్లూ బాగుచేస్తాడు. అబ్బాయి అంటున్నాను కానీ జుట్టంతా నెరిసిపోయింది. తెలుగు పాటలకి ఊగిపోయేవాడు, అర్థం ఎప్పుడూ అడగలేదు. నన్ను చూడగానే క్యాసెట్ కోసం రెండు చేతులూ చాపాడు, పసిపిల్లని అందుకున్నట్టు.

స్క్రూలు విప్పి, బూజు దూదితో తుడిచి, తెగినచోట సన్నటి టేపు అతికించి, రీలుని కొత్త క్యాసెట్ డొప్పలోకి మార్చాడు. మూడు గంటలు. ఆ మూడు గంటలూ మాట్లాడుతూనే ఉన్నాడు. బీచ్‌కి తమ్ముడి సైకిల్ మీద ఎలా వెళ్ళాడో, తిరిగి వచ్చాక వాళ్ళ బాబు ఎలా తన్నాడో. మొత్తం ఒడియాలో, మధ్యలో "ఉప్పు కట్టిన చొక్కా, ఉతికినా పోదు నీ వాసన" అని తెలుగులో. ఆ ముక్కలో యాస అచ్చం ప్రేమ్‌దే. నాకు ఏడుపొచ్చింది.

ప్లే నొక్కబోతే చెయ్యి పట్టుకుని ఆపేశాను. ముందు ఇంకొకరు వినాలి అన్నాను. ఒక పాత ప్లేయర్ ఇచ్చాడు. రికార్డ్ మీటకి అడ్డంగా అట్టముక్క అతికించాడు, ఇక దీన్నెవరూ నొక్కలేరు అంటూ.

నవంబర్ 17

అమ్మకి చెప్పేశాను. కూర తరుగుతోంది. ఆపలేదు. మొత్తం విని, "అయితే అప్పుడు తెగలేదు" అంది. తెగలేదమ్మా అన్నాను. "ఇరవై రెండేళ్ళు కదే" అంది. అంతే.

నవంబర్ 18

అమ్మ మాట్లాడలేదు.

నవంబర్ 19

అన్నం పెట్టింది. మాట్లాడలేదు.

నవంబర్ 20, మధ్యాహ్నం 3

సెలవు పెట్టాను. అమ్మ పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, ప్లేయర్ తన గదిలో పెట్టించుకుంది. ఏ మీట నొక్కాలో తెలియడానికి ప్లే మీద నెయిల్ పాలిష్ చుక్క పెట్టి ఇచ్చాను. నన్ను బయటికి పొమ్మని తలుపేసుకుంది.

నేను తలుపు పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నాను. ముందు ఏ సైడు. అమ్మ గొంతు, నలభై ఆరేళ్ళ అమ్మ, మేక ఈనిందని, పైకప్పు కారుతోందని. తర్వాత తిరగేసింది. టక్కుమంది.

గిటార్.

పాట ఉంది. మొదటి నుంచీ ఉంది. ఏ మాటా దాని మీద పడలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ప్రేమ్ గొంతు పలచగా, కాస్త శ్రుతి తప్పుతూ, ఆల్బమ్‌లో ఎక్కడా లేని ఆ ఆత్రంతో. పందొమ్మిదేళ్ళ నేను ఎక్కడో ఇసుకలో కూర్చుని ఉన్నాను, ఇంటి దగ్గర నాన్న ఉన్నాడు, ఇంకా వెళ్ళలేదు.

అన్నీ ఆగాయి. ఒక కెరటం విరిగింది. రెండోది విరిగింది.

"ఏమే, ఇంటన్నావేటి?"

నాన్న. తర్వాత చిన్న దగ్గు. టక్. వెంటనే డ్రమ్స్, పాట మళ్ళీ అందుకుంది.

పాట చివరిదాకా, చప్పట్లు కూడా అయిపోయేదాకా ఆగి నాన్న మళ్ళీ వచ్చాడు. మాధవీ అని నన్ను పిలిచాడు. "నీ పాట మద్దిలో నోరెట్టేసినానే. ఆగిపోతే అయిపోనాదనుకున్నాను. ఎనక్కి తిప్పి ఇంటే ఇంకా ఉంది. మూడు కెరటాలు ఎల్లనియ్యాల కదా, రొండుకే తోసేసినాను. తెప్పయితే తిరగబడిపోద్ది" అని నవ్వాడు. మీ అమ్మ గొంతు సెరిగిపోద్దని అటేపు ముట్టుకోలేదన్నాడు. నీ సదువు మానకు అన్నాడు. ఆ తర్వాత అమ్మతో మాట్లాడాడు. అది నేను రాయను, అది నా ఉత్తరం కాదు.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి సముద్రం మీద బతికిన మనిషి. కెరటాలు లెక్కపెట్టడం నాకు నేర్పిందే ఆయన. ఒక్కసారి తప్పు లెక్కపెట్టాడు, నాకు క్షమాపణ కూడా చెప్పాడు. ఆ క్షమాపణని నేను ట్రంకులో పెట్టి తాళం వేశాను.

అమ్మ మళ్ళీ వెనక్కి తిప్పుకుంటోంది. ఇది నాలుగోసారి.

నవంబర్ 23, ఆదివారం

గ్రూపులో పాట ఉందని చెప్పాను. మధ్యలో మా నాన్న మాట ఉందనీ చెప్పాను. పండగ చేసుకున్నారు. సాయంత్రానికి సలహాలు మొదలయ్యాయి. సాఫ్ట్‌వేర్‌తో ఆ మాట తీసేయొచ్చట. మూడో కెరటం పోయింది కాబట్టి మొదటి కెరటాన్నే కాపీ చేసి అక్కడ అతికించొచ్చట. రాఘవేంద్ర చాలా మర్యాదగా, మాధవి గారూ, ఒరిజినల్ ఫీల్ కోసమే అని రాశాడు. నేను ఒక మాట టైప్ చేసి, చెరిపేసి, ఫోన్ బోర్లించాను.

అసలు చిక్కు అది కాదు. వినిపించొచ్చా అని అమ్మని అడిగాను. నాతో మాట్లాడిన మొదటి పెద్ద వాక్యం ఇది: "నీకు పాట, నాకు ఉత్తరం. నా ఉత్తరం పదిమందికి ఇనిపిస్తావేటి?"

ఆవిడ ఉత్తరాన్ని ఇరవై రెండేళ్ళు దాచినదాన్ని, ఇంకేం అడగను.

నవంబర్ 30

అమ్మ ప్లేయర్ తలగడ పక్కన పెట్టుకుని పడుకుంటోంది. పొద్దున్న అంట్లు తోముతూ "ఉప్పు కట్టిన చొక్కా" అని ఒక్క ముక్క పాడింది. నేను విన్నానని తెలిసి ఆపేసింది.

డిసెంబర్ 7

రాఘవేంద్రకి ఫోన్ చేసి, క్యాసెట్ తేలేనని చెప్పాను. సరేనండీ, ఊరికే కూర్చుని కబుర్లు చెప్పుకుందాం అన్నాడు. గొంతు మాత్రం పడిపోయింది. నాదీ పడిపోయే ఉంటుంది.

డిసెంబర్ 13, శనివారం

సాయంత్రం అమ్మ చీర మడతపెడుతూ, రేపు ఎన్నింటికి ఎల్తన్నారు అని అడిగింది. నాలుగింటికి అన్నాను. నేనూ వస్తాను అంది.

నాన్న పోయాక మేం ఊరు వదిలి బరంపురం వచ్చేశాం. అమ్మ మళ్ళీ సముద్రం మొహం చూడలేదు. పదిహేను కిలోమీటర్లు. బంధువుల పెళ్ళిళ్ళకి పిలిచినా వెళ్ళలేదు. చేపలు కూడా బజార్లో పొరుగూరి దానిలా బేరమాడి కొంటుంది.

"ఆ పాట ఆడే, ఒడ్డునే ఇనాల. గదిలో బాగోలేదు" అంది. తర్వాత షరతు పెట్టింది. పాట అయిపోగానే ఆపేయాలి, ఆ తర్వాతది తనది. మరి మధ్యలో నాన్న మాట అని నసిగాను. అది ఉండనీ, దాన్ని ఎవులూ ముట్టుకోకూడదు అంది.

డిసెంబర్ 14, ఆదివారం

వెళ్ళొచ్చాం. చీర కుచ్చిళ్ళ నిండా ఇసుక. ఇవాళ రాయలేను.

డిసెంబర్ 16

సుమిత్ ఒడ్డున ఫోన్‌లో రికార్డ్ చేసింది పంపాడు. ముప్పై ఒక్కమందిమి ఉన్నాం, ఒక్కరి చప్పట్లూ వినపడలేదు. పాట ఆగింది. ఒక కెరటం. రెండో కెరటం. ఏమే, ఇంటన్నావేటి అని నాన్న.

"ఇంటన్నాను" అని అమ్మ.

వెనకాల ఒడ్డు మీద, పెద్దది, ఒకటి విరిగింది. డ్రమ్స్.