మీ జ్వరాలన్నీ నేను రాసినవే

ఏమండీ,

ఈరోజు మీ తద్దినం. భోక్తలు లేచి వెళ్ళారో లేదో, మన మనవరాలు సుజాత విడాకులిచ్చిన మహానుభావుడు రవి గుమ్మంలో నిలబడ్డాడు. గుడివాడలో తాగి కారు నడుపుతూ పోలీసులకు దొరికాడట. రేపు కోర్టు.

“నీకు ఒంట్లో బాగోక నువ్వే అర్జంటుగా రమ్మన్నావని చెప్పవా, సుజీ!” అని బతిమాలాడు.

“చెప్పను. కోర్టుకి తోడొస్తాను, మందు మాన్పించే డాక్టరు దగ్గరికీ వస్తాను. అబద్ధం మాత్రం ఆడను,” అంది మన పిల్ల.

వాడు నావైపు తిరిగాడు. “మీరైనా చెప్పండి, అమ్మమ్మగారూ. తాతగారి కోసం మీరు ఆడలేదేంటి అబద్ధాలు?”

ఆడాను కదండీ. మీరు తాగి లేవలేని ప్రతి సోమవారం, జ్వరమని మీ బడికి సెలవుచీటీ రాసింది నేనే. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని మీ హెడ్మాస్టరు మెచ్చుకునేవారు కూడా. చివరికి డాక్టరొక్కడే జ్వరమని రాయలేదు, లివరని రాశాడు.

“ఆడాను నాయనా. అందుకే ఇవాళ ఆయన తద్దినం గారెలు మిగిలాయి. కూర్చో, వడ్డిస్తాను,” అన్నాను.

వాడు ఏడుస్తూ తిన్నాడు. అలా ఏడ్చే అవకాశం మీకు నేనెప్పుడూ ఇవ్వలేదు.