మూడు నెలలని చెప్పు

జోవెలిన్,

ఆపరేషన్‌కి వెళ్తున్నాను. మీ లూర్దెస్ పెద్దమ్మ తోడు వస్తోంది. మూత్రం దారి కింద రిబ్బనంత పట్టీ వేస్తారట, అరగంట పని. రేపు సాయంత్రానికి ఇంట్లో ఉంటాను. గిన్నెలో అడోబో కూర ఉంది, వేడి చేసుకోండి.

మూడు నెలలు నేను బరువులెత్తకూడదని డాక్టరమ్మ చెప్పిందని మీ నాన్నతో చెప్పు. నీళ్ళ డబ్బాలు, బియ్యం బస్తా, పందుల కుడితి అన్నీ ఆయనే మోస్తాడు. బట్టలూ ఆయనే ఉతకాలి. అదీ పెరట్లో కాదు, ఆ తాగుబోతు నేస్తాలు కూర్చునే వీధి పంపు దగ్గర. వాళ్ళ ముందేగా, నేను తెరమీద మాటలు చూస్తూ వీడియోకేలో పాట పాడుతుంటే మైకు లాక్కుని, "మా ఆవిడ గొంతెత్తితే కింద కుళాయి తెరుచుకుంటుంది!" అన్నాడు! అందరూ విరగబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. నవ్వితే మళ్ళీ కారుతుందని తొడలు బిగించుకుని కూర్చున్నాను. నువ్వు పుట్టిన దగ్గర్నుంచీ నోరారా నవ్వింది లేదు. నీ తప్పు కాదులే తల్లీ.

ఊరి ఫియెస్తా పండక్కి వీడియోకే పెట్టె అద్దెకి ఇప్పుడే చెప్పి ఉంచు. అదే పాట పాడతాను. ఆయన్ని ముందు కుర్చీలో కూర్చోబెట్టు.

అమ్మ

అన్నట్టు, డాక్టరమ్మ చెప్పింది ఆరు వారాలే. మిగతాది నేను వేసిన శిక్ష. చదివి పొయ్యిలో పడెయ్యి.