తోక ఎవరి నోటివైపు

శాంపలోక్, మనీలా
ఈస్టర్ వెళ్ళిన సోమవారం

ప్రియమైన నానాయ్‌కి,

దీవెన కోసం నీ చెయ్యి నా నుదుటికి ఆనించుకున్నాననుకుని రాస్తున్నాను. ఈ ఉత్తరం నీకు చదివి వినిపించేది పక్కింటి అలింగ్ సేపాయే కాబట్టి ముందు ఆవిడతో ఒక మాట. అలింగ్ సేపా, ఉన్నది ఉన్నట్టు చదవండి. క్రితంసారి నేను "దగ్గు తగ్గలేదు" అని రాస్తే, మా అమ్మ బెంగ పెట్టుకుంటుందని మీరు "ఆరోగ్యం భేషుగ్గా ఉందిట" అని చదివారట. నాకు అన్నీ తెలుస్తాయి. ఇంకోటి, అక్షరాలన్నీ విడివిడిగా, నిటారుగా అచ్చు పుస్తకంలోలా ఉన్నాయని నవ్వకండి. మా గురువు మాంగ్ సెలో ఆజ్ఞ అది. ఇంటికి రాసే ఉత్తరమైనా సరే కామిక్స్ అక్షరాల్లోనే రాయాలిట, చెయ్యి మరిచిపోకుండా.

నానాయ్, నన్నూ పిన్ని కూతురు ఇడాంగ్‌నీ ఇద్దర్నీ ఒకే బస్సెక్కించి పంపావు. ఇద్దరికీ ఒకే పని నేర్పిస్తారనుకున్నాను. మాంగ్ సెలో మొదటిరోజే మా ఇద్దరి చేతులూ తిప్పి చూసి "చిన్నదానికి రంగులు, పెద్దదానికి అక్షరాలు" అనేశాడు. సంతలో దూడల్ని పంచినట్టు! నన్నడిగాడా? నాకు రంగులంటే ఇష్టమని ఎవరైనా చెప్పారా? చిన్నప్పుడు నీ కామిక్స్ అద్దెకిచ్చే కొట్లో తీగకి బట్టల క్లిప్పులతో వేలాడే పుస్తకాల అట్టలు చూస్తూ పెరిగింది నేనూ కదా.

ఇప్పుడు నా రోజెలా గడుస్తుందో విను. బొమ్మలు గీసిన కాగితం ముందు నా బల్ల మీదికి వస్తుంది. పెన్సిల్‌తో సన్నగా గీతలు కొట్టుకుని, సిరాలో కలం ముంచి, ఎవరి మాటలు వాళ్ళ నెత్తిమీద రాస్తాను. అరుపైతే లావుగా, గుసగుసైతే చిన్నగా. తరవాత చుట్టూ బుడగ గీసి, దాని తోక మాట్లాడే మనిషి నోటివైపు తిప్పుతాను. అక్కణ్ణుంచి కాగితం ఇడాంగ్ బల్ల మీదికి వెళుతుంది. ఆవిడగారు కుంచెతో సముద్రాలూ సాయంత్రాలూ పోస్తుంది. దారినపోయే జీప్నీ డ్రైవర్లు కూడా కిటికీలోంచి తొంగిచూసి "అబ్బ, ఏం రంగులమ్మా!" అంటారు. నా 'R' కాలు ఎంత చక్కగా వచ్చిందో అని ఏ డ్రైవరూ ఆగడు.

ఈ మాటే మాంగ్ సెలోతో అన్నాను. ఆయన నోట్లో సిగరెట్టు తియ్యకుండానే "పిచ్చిదానా, చదివేవాడికి నీ అక్షరం కనబడితే నువ్వు చెడగొట్టినట్టు. మాట వినబడాలి, అక్షరం మాయమైపోవాలి" అన్నాడు. అంటే నేనెంత బాగా నేర్చుకుంటే అంత బాగా మాయమైపోతానన్నమాట. ఇది నేర్చుకోవడానికా నేను మనీలా వచ్చింది?

అయినా నేర్చుకుంటున్నాను. 'రెండు కొవ్వొత్తులు' అని కొత్త సీరియల్ మొదలైంది. అక్క డొలోరెస్ దుర్మార్గురాలు, చెల్లెలు క్లారా దేవత. అక్షరాలన్నీ నావే. నీ కొట్టుకి వస్తుంది, జాగ్రత్తగా చూడు. చూడు అంటున్నానుగానీ నువ్వేం చూస్తావులే, బొమ్మలు చూస్తావు.

నీ కూతురు,
లూమింగ్

*

శాంపలోక్
జూన్, ఒకటే వాన

నానాయ్‌కి,

నీ చెయ్యి నుదుటికి ఆనించుకుని.

మన లుసేనా బస్సు కండక్టరు బెర్తోలో నువ్వు పంపిన బిబింకా రొట్టెలు తెచ్చాడు. అరిటాకు వాసన ఇంకా పోలేదు, ఇద్దరం తిన్నాం. దాంతోపాటు నీ కబురూ తెచ్చాడు. నలుగురి ముందూ, తడిసిన గొడుగు కూడా ముడవకుండా, ఇంత గొంతేసుకుని చెప్పాడు. "ఇడాంగ్! నువ్వేసిన ఆ ఆకాశం చూసి మీ పెద్దమ్మ కొట్టు దగ్గర జనం కదలట్లేదట! ఆ పేజీ మీ పెద్దమ్మ అద్దెకివ్వకుండా గోడకి అంటించుకుందట!"

నేను కలం పక్కన పెట్టాను. "నాకేం చెప్పలేదా?" అని అడిగాను. వాడు బుర్ర గోక్కుని "నువ్వు చలిలో తలస్నానం చెయ్యొద్దందమ్మా" అన్నాడు.

నానాయ్, అంతేనా? ఆ ఆకాశం కింద ఉన్న మాటలు ఎవరివి? ఆ పేజీలో క్లారా చెప్పే పొడుగాటి ప్రార్థన రాయడానికి నా వేళ్ళు కొంకర్లు పోయాయి. అయినా కండక్టరుతో కబుర్లేమిటి, అలింగ్ సేపా కలంలో సిరా అయిపోయిందా? అలింగ్ సేపా, ఇక్కణ్ణుంచి కాస్త గొంతు తగ్గించి చదవండి, కొట్టు దగ్గర జనం ఉంటారు.

నాకు కుళ్ళు. అవును, నోరారా ఒప్పుకుంటున్నాను. పిన్ని పోయినప్పుడు ఇడాంగ్‌ని నువ్వు చంకనేసుకొచ్చిన రోజు నుంచీ నాకు కుళ్ళే. చేప మధ్యముక్క దానికి. కొత్త చెప్పులు ముందు దానికి. జ్వరమొస్తే రాత్రంతా దాని పక్కన. నాకు జ్వరమొస్తే "పెద్దదానివి, ఓర్చుకో". పోనీ అది దెబ్బలాడుతుందా, దాన్ని తిట్టి కడుపు చల్లార్చుకోవడానికి? "ఆతె, నువ్వే తీసుకో" అంటుంది. అక్కా అక్కా అని అలా మెత్తగా పిలిచినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ కబురు విన్న మర్నాటి నుంచీ ఒక పని చేస్తున్నాను. బుడగ ఎంత పెద్దదో, ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది నేనే కదా. ఆకాశం ఉన్నచోటల్లా బుడగ పెట్టేస్తున్నాను. రెండు మాటలకి కూడా గుమ్మడికాయంత బుడగ. కొండల మీద, సముద్రం మీద, అన్నిటి మీదా. ఇప్పుడు ఇడాంగ్‌కి రంగు వెయ్యడానికి మూలల్లో చారెడు చోటు మిగులుతోంది. అది కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, నావైపు చూసి, ఆ చారెడులోనే మేఘం వేసుకుంటోంది. మాంగ్ సెలో మాత్రం "ఈమధ్య మన పాత్రలకి నోళ్ళు పెద్దవైపోయాయే" అని నా బల్ల పక్కనుంచి వెళ్ళాడు.

ఇంక నువ్వు గోడకి ఏం అంటించుకుంటావో చూస్తాను.

లూమింగ్

*

శాంపలోక్
ఆగస్టు

నానాయ్,

అలింగ్ సేపా, మీకు దణ్ణం పెడతాను, ఈ ఉత్తరం చదివేముందు కొట్టు తలుపు దగ్గరగా వెయ్యండి. చదివాక ఎవరికీ చెప్పకండి. మీకు చెప్పకుండా ఉండడం కష్టమని తెలుసు, అయినా ప్రయత్నించండి.

'రెండు కొవ్వొత్తులు'లో ఇన్నాళ్ళ తరవాత అక్క మనసు మారే ఘట్టం వచ్చింది. వానలో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడతారు. "నన్ను క్షమించు. నీ చోటు లాక్కుంది నేనే." ఇది డొలోరెస్ మాట. దేశమంతా ఈ మాట కోసం ఎదురుచూస్తోంది. నేను మాటలు రాశాను, బుడగ గీశాను. తోక గీసేటప్పుడు క్లారా మొహం చూశాను. పెద్ద కళ్ళు, ఎప్పుడూ ఏదో ఇచ్చెయ్యడానికి సిద్ధంగా ఉన్నట్టు. అచ్చం మన ఇడాంగే. నా చెయ్యి తోకని క్లారా నోటివైపు తిప్పింది. చెయ్యి తిప్పింది అని రాశాను, అబద్ధం. తెలిసే తిప్పాను. ఒక్కసారి, కాగితం మీదైనా సరే, చెల్లెలు అక్కని క్షమించమని అడగాలని.

తరవాత దిద్దుదామనుకున్నాను. తెల్లరంగు అద్ది తోక మార్చడం క్షణం పని. కానీ ఆ రోజు మాంగ్ సెలో జ్వరంతో పడుకున్నాడు. ప్రెస్సు వాళ్ళు గుమ్మంలో నిలబడి తొందరపెట్టారు. కాగితం వెళ్ళిపోయింది, అచ్చైపోయింది.

కథ రాసే ఆయన పుస్తకం విసిరికొడుతూ వచ్చాడు. "నా క్లారా ఏ పాపం చేసిందని క్షమాపణ అడిగిందయ్యా? జనం నన్ను రోడ్డు మీద ఆపి తిడుతున్నారు! వచ్చేవారం కథ నీ తాత రాస్తాడా?" మాంగ్ సెలో దుప్పటి కప్పుకునే లేచి వచ్చి నావైపు చూశాడు. నేను నోరు తెరిచాను. ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు. ఈలోగా ఇడాంగ్ లేచి "నాదే తప్పండీ. పొరపాటున నా తెల్లరంగు తోక మీద పడింది. మళ్ళీ గీసేటప్పుడు చూసుకోకుండా అటు తిప్పేశాను" అంది.

దాని చేతిలో కుంచె తీసేసుకున్నారు. ఇప్పుడు పొద్దస్తమానం రబ్బరుతో పెన్సిలు గీతలు చెరుపుతోంది. రంగులు బయట ఎవరికో ఇస్తున్నారు, బురదలా వేస్తున్నాడు. నేను నోరుమూసుకుని కూర్చున్నాను. రాత్రి అన్నం దగ్గర "ఎందుకలా చెప్పావే?" అని నిలదీస్తే, ఎండుచేప ముల్లు తీస్తూ "నిన్ను పంపించేస్తారేమోనని భయమేసింది, ఆతె. అక్షరాలకి వేరే మనిషి దొరకదు కదా. నేనంటే చిన్నదాన్ని, తిట్టి ఊరుకుంటారు" అంది. ముల్లు తీసిన ముక్క నా కంచంలో వేసింది.

నానాయ్, నాకు సిగ్గేసిందని రాస్తే నువ్వు సంతోషిస్తావు. సిగ్గు కాదు, ఇంకా కుళ్ళుకున్నాను. రంగులు దానికి, నువ్వు దానికి, ఇప్పుడు మంచితనం కూడా దానికే! నాకేం మిగిలింది? అదక్కడ రబ్బరు పొడి ఊదుకుంటుంటే, ఇక్కడ నా కలం కదలడం లేదు.

అందుకే నిర్ణయించుకున్నాను. మరికినాలో చెప్పుల ఫ్యాక్టరీలో ఆడపిల్లల్ని తీసుకుంటున్నారు. ఈ నెలాఖరుకి ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళిపోతాను. ఎలాగూ మాయమైపోవడమేగా నేను నేర్చుకున్న విద్య. నువ్వు ఇడాంగ్ ఒక్కదానికే కబుర్లు పంపుకోవచ్చు, బెర్తోకి గుర్తుపెట్టుకోవడం కూడా తేలిక.

లూమింగ్

*

లుసేనా

లూమింగ్,

అలింగ్ సేపా ఇక్కడ లేదు. గుడ్ ఫ్రైడేకి ముందే కూతురి దగ్గరికి బతంగాస్ వెళ్ళిపోయింది. నీ మూడు ఉత్తరాలూ నేనే చదువుకున్నాను, మొదటిది కూడబలుక్కుని పూర్తిచెయ్యడానికి చాలా రోజులు పట్టింది. నువ్వు గొంతు తగ్గించమన్నచోట తగ్గించాను. తలుపు వెయ్యమంటే వేశాను.

నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచీ కొట్లో బల్ల మీద కూర్చున్నవాళ్ళు నీ పేజీలు పైకి చదువుతుంటే వింటున్నాను. ఒకే కథ పదిమంది చదువుతారు, నాకు కంఠతా వచ్చేసింది. ఏ బుడగలో ఏ మాట ఉందో తెలిశాక ఏ అక్షరం ఏదో పట్టుకోవడం మొదలుపెట్టాను. వేరేవాళ్ళు రాసినవి రావు, గొలుసులా ఉంటాయి. నీవి ఒక్కోటి విడిగా నిలబడతాయి. నీ 'R' కాలు పొడుగు. ముందు దాన్నే గుర్తుపట్టాను. మీ గురువుతో చెప్పు, నాకు నీ అక్షరాలు కనబడుతున్నాయి అని. ఆయన ఏమన్నా అనుకోనీ.

ఆకాశం గురించి కబురు పెట్టిన మాట నిజం. రంగులు చూడ్డానికి కళ్ళుంటే చాలు, అది ఎప్పుడో చూసేశాను. నీది చూడాలంటే నేను చదువు నేర్చుకోవాల్సి వచ్చింది. అప్పటికి సగమే వచ్చింది. కండక్టరుతో చెప్పించడం ఇష్టం లేదు, పూర్తిగా వచ్చాక నేనే రాద్దామనుకున్నాను. ఆలస్యమైంది. గోడ మీద ఆ పేజీ అంటించింది ఆకాశం కోసం కాదు. క్లారా ప్రార్థనలో మాటలు పెద్దవి, రోజూ పొద్దున్న అవి చదివి కొట్టు తెరుస్తాను. జనం ఆకాశం చూస్తున్నారు, నేను వాళ్ళకి అడ్డం వెళ్ళలేదు.

చేప మధ్యముక్క సంగతి. నువ్వు నా కడుపున పుట్టావు, నీకు విడిగా చెప్పక్కర్లేదనుకున్నాను. ఆ పిల్లకి చెప్పకపోతే తనకెవరూ లేరనుకుంటుంది. నీకూ చెప్పాలని తెలియలేదు. అది నా తెలివితక్కువ.

ఇక నీ తెలివితక్కువ. క్లారా క్షమాపణ అడిగిందని ఇక్కడ బల్ల మీద ఇద్దరు జుట్లు పట్టుకున్నారు. అచ్చుతప్పు అన్నారు. నేను కాదన్నాను. ఇది నా పెద్దదాని పని, దానికి ఎవరి మీదో కోపంగా ఉంది, అనుకున్నాను. నీ ఉత్తరం తరవాత వచ్చింది.

చెప్పుల ఫ్యాక్టరీకి వెళతానంటే వెళ్ళు. కాళ్ళు నీవి. ముందు మీ గురువు దగ్గరికి వెళ్ళి ఆ తోక ఎవరు తిప్పారో చెప్పు. తిడతాడు, తిట్టనీ. ఆ పిల్లకి కుంచె తిరిగి ఇప్పించు, ఆకాశం తిరిగి ఇవ్వు. శనివారం పుస్తకం వస్తుంది. రంగులు ఎవరివో తీగకి తగిలిస్తున్నప్పుడే నాకు తెలిసిపోతుంది. అక్షరాలు ఎవరివో కూడా తెలుస్తుంది. వేరేవాళ్ళు రాస్తే నేను చదవలేను. డొలోరెస్ ఏమైందో నాకు ఇంకెవరు చెబుతారు?

చలిలో తలస్నానం చెయ్యకు అన్నది మాత్రం నిజంగా చెప్పమన్నాను. దగ్గు తగ్గలేదని నాకు ముందే తెలుసు, సేపా చదివేటప్పుడు అబద్ధమాడితే ఆవిడ చెవులు ఎర్రబడతాయి.

ఇది రాయడానికి చాలా రోజులు పట్టింది. చుట్టూ బుడగ కూడా గీశాను, చూశావుగా, వంకరగా వచ్చింది. తోక గీయడం చేతకాలేదు. ఈ మాటలన్నీ నా నోటివే అనుకో.

నీ
నానాయ్