సర్కారు కూలిన ఊళ్లో చీపురు

అన్నా,

"సర్కారు కూలినంక ఎట్లుంటదో నీకు చూపిస్త చెల్లె" అని ఏళ్ల కింద నువ్వు అడవిలోకి పోయిన రోజిది. నువ్వు తిరిగి రాలేదు. నేనే చూసి వచ్చాను.

భద్రాచలం దవాఖానా నర్సులం కలిసి ఖాట్మండు యాత్రకు పోయాం. అక్కడ కుర్రాళ్ల తిరుగుబాటుకు సర్కారు కూలి ఎంతో కాలం కాలేదు. బస్సులు తిరుగుతున్నాయి, రోడ్డు పక్కన మక్కకంకులు కాలుస్తున్నారు. కాలిపోయిన వార్డు ఆఫీసులో ఆడవాళ్లు మసి ఊడుస్తున్నారు. ఎవరు చెప్పారని హిందీలో అడిగాను. "ఎవరు చెప్పాలి? మా పిల్లల బర్త్ సర్టిఫికెట్లు ఇచ్చేది ఇక్కడే" అంటూ ఒకామె నాకూ చీపురిచ్చింది.

నువ్వు కూల్చేదాకే చెప్పావన్నా. కూలినంక ఊడవాలని చెప్పలేదు.

నిన్న మన ఊళ్లో మూతబడ్డ బడి తాళం పగలగొట్టాను. సర్పంచ్ పరుగెత్తుకొచ్చాడు.

"ఎవల్నడిగి తీసినవ్?"

"ఎవల్నడగాలె?" అని చీపురు ఆయన చేతిలో పెట్టాను.

ఊడ్చాడన్నా.