ఈసారి వదిన వాళ్ళింట్లో దిగను

మే 4

ఈసారి హైదరాబాద్ పోతే వదిన వాళ్ళింట్లో దిగను. రాసి పెడుతున్నా. రేపు నేనే మాట మార్చకుండా.

అక్కడి ఆటల పార్కు చూపిస్తామని మా మేఘనను మూడుసార్లు తీసుకుపోయాం. మూడుసార్లూ ఆయన అక్క ఇంట్లోనే దిగాం. మొదటిసారి పిల్లకు ఐదేళ్ళు. పొద్దున్నే చెప్పులేసుకుంటుంటే వదిన అత్తగారి తరఫు వాళ్ళు దిగారు, డోన్ నుంచి మేం వచ్చామని తెలిసి. పద్నాలుగు మందికి బొరుగులు తడిపి ఉగ్గాని చేసే సరికి పన్నెండయింది. రెండోసారి పక్కింట్లో గృహప్రవేశం. పోకుంటే బాగుండదన్నారు. మూడోసారి 'రెండు ముద్దలు తిని పోదురులే'. ఆ రెండు ముద్దలు తిని గేటు దగ్గరికి చేరేసరికి మూడున్నర. టికెట్ల కిటికీ మూసేశారు.

మేఘన ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. గేటు బయట బండి మీద ఎర్ర టోపీ కొనిపించుకుని, డోన్ వచ్చేదాకా తల మీద నుంచి తీయలేదు. ఆ టోపీ ఇప్పటికీ తలుపు వెనక మేకుకే ఉంది. తలకు పట్టదు. తీయనివ్వదు.

మే 5

కడప కాలేజీ వాళ్ళ ఫోన్. జూన్ ఒకటిన మేఘనను హాస్టల్లో దించాలి. నెలకు ఒక ఆదివారం కలవనిస్తారట. "పండక్కి పంపుతారా" అంటే "అప్పటి పరీక్షలను బట్టి చెప్తాం మేడం" అన్నాడు.

టెన్త్ అయిపోయింది, అందరి పిల్లలూ పోతున్నారు, నా పిల్లా పోతుంది. తెలుసు. అయినా భయంగా ఉంది. పదిహేనేళ్ళు నా పక్కన పడుకున్న పిల్ల.

అంతకు ముందు రెండు రోజులు కావాలి నాకు. దానితో. వేరే ఎవరికీ వండకుండా.

మే 6

ఆయన రాలేరు. లారీ ఆఫీసులో మే నెలంతా లోడింగే. మంచిదే అనుకున్నా, పైకి అనలేదు.

"మేమిద్దరమే పోతాం."

"పోండి. అక్కకు ఫోన్ చేస్తాలే."

"వద్దు. గది తీసుకుంటాం."

ఆయన చేతిలో ముద్ద అట్లే ఆగిపోయింది. "అక్క ఇల్లుండంగా లాడ్జి ఏందే? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగురికీ పోయినసారి వండిపెట్టింది నేనే. బాగానే అనుకుంటారు."

అత్తమ్మ తలెత్తలేదు. పెరుగు గిన్నె మాత్రం నా వైపు కాకుండా ఆయన వైపు జరిపింది.

మే 7

నిన్న లాడ్జి వద్దన్న మనిషే ఇవ్వాళ మూడు లాడ్జిలు చెప్పారు!

ఒకటి, హైవే మీద, లారీ ఓనరు బావమరిదిది. కింద బార్. వద్దు.

రెండు, మన కులపోళ్ళ సత్రం. శుభ్రంగా ఉంటుందట. కానీ తొమ్మిదికల్లా గేటు వేస్తారు. పార్కులో దీపాల ఊరేగింపు మొదలయ్యేదే ఎనిమిదికి. ఊరి ఆ చివర నుంచి రావాలి. వద్దు.

మూడు, ఎవరో తెలిసినాయన ఖాళీ ఫ్లాట్. 'గ్యాస్ కూడా ఉండాది, వండుకోవచ్చు.' వండుకోవడమట! నవ్వొచ్చింది, ఆ తర్వాత కోపం.

లంచ్ టైములో పోస్టాఫీసు కౌంటర్ వెనక కూర్చుని ఫోన్లో గదుల ఫొటోలు చూస్తున్నా. పెన్షన్‌కు వచ్చిన పెద్దాయన తొంగి చూసి, "ఏమ్మా, ఇల్లు కొంటాండావా?" అన్నాడు.

"అద్దెకు, రెండు రాత్రులు," అన్నా.

"రెండు రాత్రులకు ఇంతగనం చూడల్లనా?"

చూడాలి తాతా.

మే 8

తేలిపోయింది. పార్కు గోడ లోపలి హోటలే.

బయట గది తీసుకుంటే ఆటో కోసం నిలబడాలి, బస్సు కోసం నిలబడాలి. మేఘనకు ఎండ పడదు, ఒంటిగంట అయ్యేసరికి కళ్ళు తిరుగుతాయి. లోపలుంటే మధ్యాహ్నం వచ్చి పడుకుని, సాయంత్రం మళ్ళీ పోవచ్చు. పొద్దున గేటు తెరిచేసరికి మనం ముందే లోపల ఉంటాం. ఈసారి ఏ కిటికీ మన ముఖం మీద మూయలేరు.

ఖరీదే. పోయిన దీపావళికి కొనుక్కోని చీర ఉంది కదా, అది అనుకుంటా.

మే 9

బుక్ చేశా. మే 23, 24. ఇద్దరికి గది, కిటికీలోంచి పెద్ద చక్రం కనపడుతుందట. మేఘనకు ఫోన్ చూపించా. "నిజంగానా? మనిద్దరమేనా?" అని రెండుసార్లు అడిగింది.

మనిద్దరమే అన్నా.

మే 11

అత్తమ్మ వరండాలో చాట ముందేసుకుని శనక్కాయలు ఏరుతోంది. పక్కన బొరుగులు, పప్పులపొడి డబ్బా, నిమ్మకాయ ఊరగాయ. నాకర్థమైంది. కూతురింటికి సంచి.

"యాడన్నా దిగండి, నేనేమీ అనను. ఈ సంచి మాత్రం నా బిడ్డకు ఇచ్చి పోండి."

ఏమీ అనను అంటూనే అన్నీ అనడం ఈమె దగ్గర నేర్చుకోవాలి. ఆ సంచి సంగతి నాకు తెలియదా! సంచి ఇవ్వాలంటే గడప తొక్కాలి. తొక్కితే మంచినీళ్ళు, నీళ్ళ వెనక కాఫీ, కాఫీ వెనక అన్నం. తిన్నాక 'ఈ ఎండలో యాడికి పోతారు, పండుకోండి'. అంతే. నాలుగోసారి కూడా అంతే.

పోనీ ముందు పార్కుకు పోయి తిరుగు ప్రయాణంలో ఇద్దామంటే, పదికిలోల సంచి ఆ హోటల్ చలవరాళ్ళ మీద ఈడ్చుకుంటూ పోవాలి. బొరుగులు రాల్చుకుంటూ.

మే 12

దారి దొరికింది!

పోస్టాఫీసులో పదకొండేళ్ళుగా ఊరందరి పార్సిళ్ళూ పంపుతున్నా. మన సంచి ఎందుకు పోదు? ఊరగాయకు రెండు కవర్లు వేసి, గుడ్డ చుట్టి, నేనే కుట్టి, నేనే తూకం వేసి, నేనే ముద్ర వేశా. పంపినవారు: సరళ, డోన్. చేరవలసినవారు: వదిన పేరు.

రసీదు అత్తమ్మ చేతిలో పెట్టి, "సంచి పోయింది, మూడు రోజుల్లో చేరుతుంది" అన్నా. ఆమె ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దేవుడి పటం వెనక పెట్టింది.

నా తెలివికి నేనే మురిసిపోయాను. అబద్ధం ఎందుకు.

మే 13

వడగాలి. అత్తమ్మ ఇంకా ఏమీ అనలేదు. అదే బాగాలేదు.

మే 15

వదిన ఫోన్ చేసింది. నాకు కాదు, వాళ్ళమ్మకు. అత్తమ్మకు చెవి సరిగా వినపడదని ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే. వంటింట్లో నాకంతా వినపడింది.

"అమ్మా... పుట్టింటి శనక్కాయలు పోస్టులో వచ్చినాయి. సంతకం పెట్టి తీసుకున్నా."

అత్తమ్మ ఏదో గొణిగింది.

"చేతులు లేవా మా వాళ్ళకు? కాళ్ళు లేవా? పోస్టుమ్యాన్ ఎదురింటామె ముందరే అడిగినాడు, 'ఎవురు పంపిరమ్మా' అని. ఏం చెప్పల్ల నేను?"

పెట్టేసింది. అత్తమ్మ అన్నం తినలేదు. ఆయన వచ్చి నా ముఖం చూసి, వాళ్ళమ్మ ముఖం చూసి, చొక్కా కూడా విప్పకుండా మళ్ళీ బయటికి పోయారు.

మే 16

సిగ్గుగా ఉంది.

మా అన్న మా అమ్మ పెట్టిన సంచిని పోస్టులో పంపి ఉంటే? ఊరంతా వినపడేలా ఏడ్చేదాన్ని. ఆ సంచిలో శనక్కాయలు కాదు కదా ఉండేది. మోసుకొచ్చిన మనిషి ఉంటాడు. ఇంత చిన్న సంగతి, రోజూ పార్సిళ్ళు తూచే దానికి తట్టలేదు.

కానీ తప్పు సంచి దగ్గర జరిగింది. గది దగ్గర కాదు. గది రద్దు చేయను. ఆయన పొద్దున నసిగారు, "పోనీ అక్కింట్లోనే..." అని. పోనీ లేదు గీనీ లేదు అన్నా.

ఫోన్ చేసి క్షమాపణ అడుగుతా. తిడితే పడతా. గది మాత్రం ఉంటుంది.

మే 17

చేశా. పొద్దున ఆఫీసుకు పోకముందే.

"వదినా, తప్పయింది. పోస్టులో పంపకూడదు."

అటువైపు కుక్కర్ కూసింది.

"మా ఇంట్లో ఏం తక్కువ చేసినా సరళా నీకు?"

ఏదో ఒకటి సర్ది చెప్పాలనే అనుకున్నా. నోట్లోంచి నిజమే వచ్చింది. "ఏమీ తక్కువ చేయలేదు వదినా. మీ ఇంటికొస్తే నేను వంటింట్లోంచి బయటికి రాను. మూడుసార్లు వచ్చి ఆ పార్కు చూడలేదు మేఘన. జూన్‌లో హాస్టల్‌కు పోతాంది. నాకు ఈ రెండు దినాలు కావల్ల."

ఇప్పుడు పెట్టేస్తుంది అనుకున్నా. పెట్టలేదు.

"మీరు మూడుసార్లు వచ్చి చూడలేదు. నేను పద్దెనిమిదేండ్లుగా ఈ ఊర్లోనే ఉండా. నేనేమన్నా చూసినానా?"

నేను బిత్తరపోయా.

"వచ్చినోళ్ళందరూ మా ఇంట్లోనే దిగుతారు. పొద్దున్నే పులిహోర కట్టిచ్చి పంపుతా. సాయంత్రం వచ్చి బాగుండాది బాగుండాది అంటారు. చక్రం పైకి పోతే చెరువు కనపడతాదంట గదా? ఎన్నిసార్లు విన్నానో. నువ్వు కూడా రా అని ఒక్కరూ అన్లేదు. నువ్వూ అన్లేదు."

అనలేదు. నిజమే. ఒక్కసారి కూడా తోచలేదు నాకు. ఆ ఇంట్లో చెమటలు కక్కింది నేనొక్కదాన్నే అనుకున్నా ఇన్నేళ్ళూ. నా పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరిగిన మనిషి నాకు కనపడనే లేదు.

చివర్న గొంతు తగ్గించి అడిగింది. "ఆ గదిలో ఇంకో మంచం ఏస్తారా వాళ్ళు? కనుక్కో. నేను వంట చెయ్యను, నీతో చేయించను. మీ అన్నయ్యకు నేను చెప్పుకుంటాలే."

కనుక్కుంటా వదినా అన్నా.

మే 18

హోటల్‌కు ఫోన్ చేశా. మూడో మంచం వేస్తారట. 21 సాయంత్రంలోగా చెప్పాలి.

మేఘనకు చెప్పా. పుస్తకాలకు అట్టలు వేస్తోంది, కత్తెర ఆపింది.

"మనిద్దరమే అన్నావు కదమ్మా."

"అన్నా."

"అత్త మంచిదే. నాకిష్టమే. కానీ అత్త వస్తే నువ్వు అత్తతోనే మాట్లాడతాంటావు. హాస్టల్లో నాకు గుర్తు చేసుకోవడానికి..." అక్కడ ఆపి మళ్ళీ అట్ట మడిచింది.

పాపం వదిన. పాపం నా బిడ్డ. ఇంత పట్టుబట్టి అందరినీ కాదని ఈ గది తీసుకున్నా. ఇప్పుడు ఆ గదిలోనే నాకు ఊపిరాడడం లేదు.

మే 19

ఒకటి మాత్రం గట్టిగా అనుకున్నా. వదినకు 'ఇంకోసారి చూద్దాంలే' అని చెప్పి తప్పించుకోను. ఆ మాట విని విని ఆమె చెవులు అరిగిపోయి ఉంటాయి. మేఘనకు ఇచ్చిన మాట కూడా పెద్దవాళ్ళ మర్యాద కోసం మింగేయను. ఇప్పటికి మూడుసార్లు మింగాం.

రెండూ ఎలా కుదురుతాయో తెలియదు. కుదర్చాలి.

మే 20

పొద్దున బస్తా విప్పి సార్టింగ్ చేస్తుంటే మా ఇంటి అడ్రసుతో చిన్న పార్సిల్. మెత్తగా ఉంది. పంపినవారు: వదిన. చేతిరాతతో, వంకర అక్షరాలు. చేరవలసినవారు: మేఘన.

పోస్టుమ్యాన్ సంచిలో వేయలేదు. నేనే తీసుకుపోయా. ఈసారి చేత్తోనే.

మేఘన విప్పింది. నూలు టోపీలు, ఎండకు. ఎర్రవి. మూడు.

ఆ పాత టోపీ సంగతి ఆమెకు ఎలా గుర్తుంది? ఆ రోజు గేటు దగ్గరికి ఆమె రానే లేదు. మేం తిరిగి వచ్చాక సంచులు తీసుకుని బస్సెక్కేటప్పుడు చూసి ఉంటుంది, పిల్ల తల మీద.

చీటీ ఏమీ లేదు. అత్తమ్మ దగ్గరికొచ్చి మూడూ లెక్కపెట్టి నా వైపు చూసింది.

మేఘన ఒకటి పెట్టుకుని అద్దంలో చూసుకుంది. సరిపోయింది. ఇంకోటి తెచ్చి నా తల మీద పెట్టి, అంచు సర్దింది. మూడోది చేతిలో పట్టుకుని మంచం మీద కూర్చుంది. అప్పటినుంచి ఇద్దరమూ టోపీలు తీయలేదు.

హోటల్‌కు రేపు సాయంత్రంలోగా చెప్పాలి. మూడో టోపీ ఇంకా దాని ఒళ్ళోనే ఉంది.